లివర్ ఓపీలో "నిద్ర పడుతోందా?" అని ఎందుకు అడుగుతామంటే

లివర్‌కు సోకే వైరస్ జబ్బులు హెపటైటిస్-బి, సి ఉన్నవాళ్లను చూసే డాక్టర్‌ని. ఓపీలో దిగులు, ఆందోళన ఉన్నాయేమో తెలుసుకోవడానికీ కొన్ని ప్రశ్నలు అడుగుతాం. అప్పుడు తరచూ వినే మాటలివి.

అపోహ: "ఇలాంటి జబ్బు ఉందంటే ఎవరికైనా దిగులే కదా. దానికీ పరీక్షా?"

వాస్తవం: గల్ఫ్ మెడికల్‌లో హెపటైటిస్-బి బయటపడి అన్‌ఫిట్ అయిన కుర్రాడొకడు నా దగ్గరికి వచ్చేవాడు. రిపోర్టులు బాగున్నాయంటే తలూపి వెళ్లిపోయేవాడు. మూడోసారి వచ్చినప్పుడు "రాత్రి నిద్ర పడుతోందా తమ్ముడూ?" అన్నాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. వీసా కోసం చేసిన అప్పు అలాగే ఉంది. ఇంట్లో కంచం, గ్లాసు వేరే పెట్టారు. మొదటి రోజే అడగాల్సింది.

కలిసి తింటే, ముట్టుకుంటే ఈ వైరస్‌లు అంటవు. ఇంట్లోవాళ్లు పరీక్ష చేయించుకుని, హెపటైటిస్-బి టీకా వేయించుకుంటే చాలు, కంచం విడిగా పెట్టక్కర్లేదు. ఇక దిగులు సంగతి. రెండు వారాలు దాటినా వదలకుండా, దేనిమీదా ఆసక్తి లేకుండా పోతే అది డిప్రెషన్ కావచ్చు.

అపోహ: "ఆ ప్రశ్నలు అడిగారంటే పిచ్చి అని ముద్ర వేసినట్టే."

వాస్తవం: డిప్రెషన్‌కు పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నల పట్టికలో 9 ప్రశ్నలు, ఆందోళనకు జీఏడీ-7 అనే పట్టికలో 7. రెండూ కలిపి కొద్ది నిమిషాల పని. పీహెచ్‌క్యూలో 27కి 10 లేదా ఆపైన స్కోరు వస్తే జబ్బు ఖాయమని కాదు, కూర్చోబెట్టి వివరంగా మాట్లాడాలని. చచ్చిపోవాలనిపిస్తోందా అన్న ప్రశ్నకు అవునంటే మాత్రం మొత్తం స్కోరు ఎంతున్నా ఆ రోజే మాట్లాడతాం. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు.

అపోహ: "నీరసం, నిద్రలేమి అంతా టెన్షన్ వల్లే."

వాస్తవం: ఇక్కడ మేమూ జాగ్రత్తగా ఉండాలి. నీరసం, ఆకలి తగ్గడం లివర్ జబ్బులోనూ ఉంటాయి. సిర్రోసిస్ (లివర్ గట్టిపడి దెబ్బతినడం) ఉన్న మనిషి పగలంతా మత్తుగా పడుకుని రాత్రంతా మేలుకుంటున్నా, మాట తికమకపడుతున్నా, చేతులు చాచితే రెక్కల్లా కొట్టుకుంటున్నా డిప్రెషన్ అనుకుని ఇంట్లో ఉంచకండి. లివర్ శుభ్రం చేయలేని విషపదార్థాలు మెదడుకు చేరుతున్నాయేమో చూడాలి. వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

అపోహ: "హెపటైటిస్-సి మందులతో మనసు పాడవుతుంది."

వాస్తవం: హెపటైటిస్-సికి ఇంటర్‌ఫెరాన్ అనే పాత మందు ఇంజెక్షన్లు ఇచ్చిన రోజుల్లో ఆ భయం నిజమే. ఇప్పుడు మాత్రలే, చాలామందికి 12 వారాలు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఉచితం.

అపోహ: "డిప్రెషన్ మాత్రలు లివర్‌ను తినేస్తాయి."

వాస్తవం: చాలావాటిని డోసు చూసుకుని ఇవ్వొచ్చు. డులోక్సెటిన్ లాంటివి మాత్రం వద్దు. అందుకే సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్లేటప్పుడు లివర్ ఫైలు పట్టుకెళ్లండి. ఈలోగా ఎవరితోనైనా మాట్లాడాలనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడతారు.