చేవ కొయ్య నుంచి పొట్టు చెక్క దాకా

పాతకాలం మంచానికి పట్టె విరిగితే పట్టె మార్చేవాళ్లు, కోడు పుచ్చితే కోడు మార్చేవాళ్లు. పట్టె కొసను సన్నగా చెక్కి కోడుకు కొట్టిన బెజ్జంలో దించుతారు కాబట్టి ఊడదీయడం, మళ్లీ బిగించడం వడ్రంగికి లెక్కలోది కాదు. చేవదేరిన టేకైతే చెద కూడా అంత తేలిగ్గా పట్టదు. మరి ఇవాళ రెండుసార్లు ఇల్లు మారేసరికి అల్మారా తలుపు ఊగిపోవడం ఎందుకు మామూలైంది?

ఆ అల్మారా చేసే చెక్క, అంటే పార్టికల్ బోర్డు, పుట్టింది పొదుపు కోసమే. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో జర్మనీలో కలపకు కటకట వచ్చి, వృథాగా పోయే ముక్కలనూ పొట్టునూ జిగురుతో కలిపి వేడి మీద అదిమారు. వస్తువు చవక, పైన లామినేట్ వేస్తే చూడ్డానికి సోకు. అయితే స్క్రూ ఒకసారి విప్పి బిగిస్తే ఆ కన్నం పొడి రాలుతుంది. ఇల్లు కడిగిన నీళ్లు అడుగు అంచుకు తగిలితే ఉబ్బుతుంది. చిత్రిక పట్టి సరిచేద్దామంటే లోపల ఉన్నది పొట్టు.

మన దేశంలో పార్టికల్ బోర్డుకు దారి ఏర్పడింది అడవుల రక్షణ వైపు నుంచి. 1980లో అటవీ సంరక్షణ చట్టం వచ్చింది. 1988 జాతీయ అటవీ విధానం కలపకు బదులు వేరే సరుకులు వాడాలని, పరిశ్రమలు తమ కలపను రైతులతో పెంచించుకోవాలని చెప్పింది. నీలగిరి అడవుల మీద మొదలైన గోదావర్మన్ కేసులో 1996 డిసెంబరు 12న సుప్రీంకోర్టు, ఆమోదం పొందిన వర్కింగ్ ప్లాన్ (ఏ అడవిలో ఎప్పుడు, ఎంత కొట్టాలో చెప్పే ప్రణాళిక) లేకుండా అడవిలో చెట్టు కొట్టొద్దంది. ఇందులో ఏదీ తప్పని నేననను. అడవి మిగలాలంటే అవి కావాల్సినవే. కాకపోతే కలప ఎంత వాడుతున్నామన్నదే చూశారు, చేసిన వస్తువు ఎన్నాళ్లు ఉంటుందన్నది ఎవరి లెక్కలోకీ రాలేదు.

యూరప్‌లో ఇప్పుడిప్పుడే ఆ లెక్క మొదలైంది. 2024లో అమల్లోకి వచ్చిన ఎకోడిజైన్ చట్టం వస్తువు మన్నికకూ, రిపేరు వీలుకూ నిబంధనలు పెట్టనిస్తుంది. ముందుగా చూడాల్సిన వాటిలో ఫర్నిచర్‌నూ చేర్చారు.

మన దగ్గర ఆ లెక్క లేదు సరికదా, రైతు తన గట్టు మీది టేకును కొట్టి తరలించాలంటే అటవీశాఖ పర్మిట్ కోసం తిరగాలి. నాలుగైదేళ్లకే కోతకొచ్చే జామాయిల్‌కూ సుబాబుల్‌కూ ఆ బాధ లేదు. చేవ పట్టే దాకా ఇరవై ఏళ్లకు పైగా ఆగి, ఆపైన ఆఫీసుల చుట్టూ తిరిగే ఓపిక ఎంతమంది రైతులకుంటుంది?