ప్రభుత్వ ల్యాబు టీకా, కంపెనీ లైసెన్సు: అపోహలు – వాస్తవాలు

పిల్లల్లో రొటావైరస్ విరేచనాలను అడ్డుకునే రొటావాక్ టీకాకు మూలమైన 116ఈ వైరస్ ఢిల్లీ ఎయిమ్స్‌లో ఓ నవజాత శిశువు దగ్గర దొరికింది. కొవాగ్జిన్ వైరస్‌ను పుణెలోని జాతీయ వైరాలజీ సంస్థ వేరు చేసి ఇచ్చింది. రెండూ టీకాలుగా మారింది మాత్రం హైదరాబాద్ జీనోమ్ వ్యాలీలో. జనం డబ్బుతో సాగిన పరిశోధన కంపెనీ చేతికి ఎలా వెళుతుందన్న విషయంలో ఈ రంగంలో ఉన్నవాళ్లకే కొన్ని తప్పుడు నమ్మకాలు ఉన్నాయి. వాటివల్ల టీకాలు ఏళ్ల తరబడి ఆలస్యమవుతాయి.

అపోహ: పేటెంట్ లైసెన్సు చేతికొస్తే టీకా సగం తయారైనట్టే.

పేటెంట్ లైసెన్సు వల్ల వచ్చేది ఒక్కటే: ఆ పేటెంట్ యజమాని మీపై దావా వేయడు. టీకాకు కావలసిన అసలు సరుకు ల్యాబు ఫ్రీజర్లో, నోటు పుస్తకాల్లో, ఆ పని చేసిన మనుషుల చేతుల్లో ఉంటుంది. కోర్బెవాక్స్‌నే చూడండి. టెక్సాస్ చిల్డ్రన్స్ హాస్పిటల్, బేలర్ వైద్య కళాశాల శాస్త్రవేత్తలు దానికి పేటెంటే తీసుకోలేదు. హైదరాబాద్‌లోని బయొలాజికల్ ఇ సంస్థకు అందినవి ఈస్ట్ సెల్ బ్యాంకు (టీకా ప్రొటీన్‌ను తయారుచేసే ఈస్ట్ కణాల నిల్వ), తయారీ పరిజ్ఞానం. 2021 డిసెంబరులో దానికి మన దేశంలో అత్యవసర వినియోగ అనుమతి వచ్చింది.

అందుకే ఒప్పందంలో అన్నిటికన్నా జాగ్రత్తగా చదవాల్సింది వెనక ఉండే అనుబంధాన్ని. సీడ్ వైరస్, అంటే టీకా తయారీకి మూలంగా వాడే వైరస్, ఏ పాసేజ్‌లో ఉంది (కణాల్లో ఎన్నోసారి పెంచినది), ఎన్ని వయల్స్ ఇస్తారు? మొదటి నమూనా నుంచి ఇప్పటివరకు ఏ కణాల్లో పెంచారు? కణాలు పెంచడానికి వాడిన సీరం ఏ దేశపు పశువులది, కణాలను విడదీసే ట్రిప్సిన్ ఎక్కడిది? ఇతర వైరస్‌లు, మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవులు లేవని ఎప్పుడు పరీక్షించారు? టీకా శక్తిని కొలిచే పొటెన్సీ పరీక్షకు వాడిన రిఫరెన్స్ నమూనా, యాంటీబాడీలు కూడా ఇస్తారా? శాస్త్రవేత్త వచ్చి ఎన్ని రోజులు నేర్పుతారు? వీటన్నిటికీ రాతపూర్వక జవాబు ఉండాలి.

పరిశోధన కోసం పెంచిన వైరస్‌కు సీరం సీసా లాట్ నంబరు ఎవరూ రాసిపెట్టరు, ఆ రోజు దాని అవసరం ఉండదు. ఔషధ నియంత్రణ సంస్థ మాత్రం సరిగ్గా దాన్నే అడుగుతుంది. జవాబు లేకపోతే వైరస్‌ను మళ్లీ ప్లాక్ పద్ధతిలో (ఒక్క వైరస్ నుంచి పెరిగినదాన్ని వేరు చేసి) శుద్ధి చేసి కొత్త సీడ్ కట్టాలి. అప్పుడు పాత జంతు ప్రయోగాల ఫలితాలు ఈ కొత్త సీడ్‌కూ వర్తిస్తాయని మళ్లీ నిరూపించుకోవాలి. నెలల పని అది.

ఇంకో గుంత కూడా ఉంది. ల్యాబు వాడిన ప్లాస్మిడ్ (జన్యువును మోసే డీఎన్ఏ వలయం) వేరే విశ్వవిద్యాలయం నుంచి పరిశోధనకు మాత్రమే అన్న షరతుతో వచ్చి ఉండొచ్చు. కణాలు కూడా అలాగే కొని ఉండొచ్చు. తనది కానిదానికి ల్యాబు లైసెన్సు ఇవ్వలేదు. సంతకానికి ముందే ఒక్కో పదార్థం ఎక్కణ్నుంచి వచ్చిందో పట్టిక అడిగి తీసుకోండి. కొవాగ్జిన్‌లో టీకా ప్రభావాన్ని పెంచే పదార్థం, అంటే అడ్జువెంట్, అమెరికాలోని వైరోవ్యాక్స్ సంస్థది, దాని పరిశోధనకు డబ్బిచ్చింది అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ. ఒకే టీకాలో రెండు ప్రభుత్వాల సొమ్ము ఉందన్నమాట.

అపోహ: ఎక్స్‌క్లూజివ్ లైసెన్సు, అంటే ఒక్క కంపెనీకే హక్కు, ఇవ్వకపోతే ఎవరూ ముందుకు రారు.

అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ, అంటే ఎన్ఐహెచ్, మానవ, పశు రొటావైరస్‌లను కలిపి చేసిన తన స్ట్రెయిన్లను నాన్-ఎక్స్‌క్లూజివ్‌గా భారత్, బ్రెజిల్, చైనాల్లోని తయారీదారులకు ఇచ్చింది. సీరం ఇన్‌స్టిట్యూట్ రొటాసిల్ టీకా అలా వచ్చిందే. గర్భాశయ ముఖ క్యాన్సర్‌ను అడ్డుకునే హెచ్‌పీవీ టీకా విషయంలోనూ అంతే. అక్కడి జాతీయ క్యాన్సర్ సంస్థ ఆవిష్కరణకు ఒకటికి రెండు కంపెనీలు లైసెన్సు తీసుకున్నాయి, రెండు టీకాలు వచ్చాయి.

ఎక్స్‌క్లూజివ్ ఇవ్వాలంటే అక్కడి చట్టం ప్రకారం, అది లేకుండా పెట్టుబడి రాదని తేలాలి. అక్కడి ప్రభుత్వ గెజిట్ అయిన ఫెడరల్ రిజిస్టర్‌లో నోటీసు వేసి కనీసం 15 రోజులు అభ్యంతరాలు వినాలి. ఆ గడువులో వచ్చిన పోటీ దరఖాస్తునూ అభ్యంతరంగానే తీసుకుంటారు. ఆసక్తి ఉన్న కంపెనీలు ఈ నోటీసులను చూస్తూ ఉండకపోవడం పెద్ద లోపం. 2016లో అమెరికా సైన్యం జికా టీకాను సనోఫీకి ఎక్స్‌క్లూజివ్‌గా ఇవ్వబోతే ధర విషయమై పెద్ద గొడవే జరిగింది. 2017లో కంపెనీయే ఆ ప్రాజెక్టు నుంచి తప్పుకుంది.

ఎక్స్‌క్లూజివ్ అంటే ప్రపంచమంతా ధారాదత్తం చేయడం కాదు. ఫలానా వ్యాధికి, ఫలానా దేశాలకు అని గిరి గీయొచ్చు. అభివృద్ధి ప్రణాళికలో రాసిన గడువుకు ట్రయల్ మొదలుకాకపోతే వెనక్కి తీసుకునే షరతూ పెట్టొచ్చు. ఆ షరతు లేని ఒప్పందంతో టీకా అల్మారాలో ఉండిపోతుంది, 20 ఏళ్ల పేటెంట్ కాలం మాత్రం కరిగిపోతూనే ఉంటుంది.

అపోహ: ధర పెంచితే ప్రభుత్వం హక్కు లాక్కుంటుంది.

అమెరికాలో 1980 నాటి బే-డోల్ చట్టంలో అలాంటి అధికారం ఉంది, దాన్ని మార్చ్-ఇన్ అంటారు. కానీ ఇప్పటివరకు ఒక్కసారీ వాడలేదు. పైగా అది ప్రభుత్వ గ్రాంటుతో విశ్వవిద్యాలయాలు, కంపెనీలు కనిపెట్టి తమ పేరిట ఉంచుకున్నవాటికి వర్తించేది. ఎన్ఐహెచ్ తన సొంత ల్యాబులో కనిపెట్టినదానికి లైసెన్సు షరతులే ఆధారం. ఆ సంస్థ 1989లో తన పరిశోధన ఒప్పందాల్లో సముచిత ధర నిబంధన పెట్టి, కంపెనీలు దూరమవుతున్నాయని 1995లో తీసేసింది.

మన దగ్గర ఇలాంటి చట్టమే లేదు. 2008లో రాజ్యసభలో పెట్టిన బిల్లును 2014లో ఉపసంహరించుకున్నారు. ఏ సంస్థ విధానం దానిదే. పేటెంట్ చట్టం 84వ సెక్షన్ కింద తప్పనిసరి లైసెన్సు (యజమాని ఒప్పుకోకపోయినా దక్కే లైసెన్సు) అడగొచ్చు, కానీ పేటెంట్ మంజూరై 3 ఏళ్లు గడవాలి. తయారీ పరిజ్ఞానం లేనివాడికి ఆ కాగితంతో ఒరిగేదీ లేదు.

ధరను అదుపు చేసే అవకాశం ఒక్కచోటే గట్టిగా దొరుకుతుంది: మొదటి ఒప్పందంలో. ఆఫ్రికా కోసం చేసిన మెనింజైటిస్ టీకా మెనాఫ్రివాక్ అందుకు చక్కటి ఉదాహరణ. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ శాస్త్రవేత్తల కాంజుగేషన్ పద్ధతిని (బ్యాక్టీరియా పైపొర చక్కెరను ప్రొటీన్‌కు అతికించడం) ఎన్ఐహెచ్ ద్వారా లాభాపేక్ష లేని పాత్ సంస్థ లైసెన్సు తీసుకుని సీరం ఇన్‌స్టిట్యూట్‌కు అందించింది. ముందు డోసుకు అర డాలరు లోపు అని ధర నిర్ణయించుకుని, ఆ ధరకు చేయగల తయారీదారును వెతికారు. 2010 డిసెంబరులో బుర్కినా ఫాసోలో టీకా మొదలైంది. రొటావాక్‌కూ డోసుకు డాలరు అన్న మాట ముందే ఉంది.

అపోహ: ప్రభుత్వానికి దక్కేది ఏమీ లేదు.

కొవాగ్జిన్ నికర అమ్మకాలపై భారత వైద్య పరిశోధన మండలి, అంటే ఐసీఎంఆర్‌కు, 5 శాతం రాయల్టీ. 2022 నాటికే 170 కోట్ల రూపాయలకు పైగా వచ్చింది. కరోనా స్పైక్ ప్రొటీన్‌ను నిలకడగా ఉంచే పద్ధతికి మోడెర్నా ఎన్ఐహెచ్‌కు 2022 డిసెంబరులో 40 కోట్ల డాలర్లు చెల్లించింది. నికర అమ్మకం అంటే ఏమిటన్న నిర్వచనం దగ్గరే చిక్కు వస్తుంది. అయిదు టీకాలు కలిపిన సూదిలో మీది ఒకటైతే రాయల్టీ దేనిమీద లెక్కకట్టాలి? మూడో పక్షానికి కట్టే రాయల్టీ ఇందులోంచి తగ్గుతుందా? రాసుకోకపోతే తగువే.

అపోహ: ముందు పేపరు అచ్చువేద్దాం, పేటెంట్ తర్వాత చూద్దాం.

ప్రచురించాక దరఖాస్తు వేయడానికి అమెరికాలో ఏడాది వెసులుబాటు ఉంది. మన దేశంలో, యూరప్‌లో మామూలుగా ప్రచురించారంటే కొత్తదనం పోయినట్టే, ప్రీప్రింట్ (సమీక్షకు ముందే ఆన్‌లైన్‌లో పెట్టే పేపరు) అయినా సరే. ముందు ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు వేసి ప్రచురించండి. 12 నెలల్లో పూర్తి దరఖాస్తు వేయాలి. భారత్‌లో నివసించే ఆవిష్కర్త ముందుగా విదేశంలో దాఖలు చేయాలనుకుంటే 39వ సెక్షన్ కింద అనుమతి తప్పనిసరి. అది లేకపోతే ఇక్కడి దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క.

అపోహ: అమెరికా ప్రభుత్వ లైసెన్సు తీసుకుని ఇక్కడ తయారుచేసి అక్కడ అమ్మొచ్చు.

మామూలుగా అమెరికాలో అమ్మే సరుకు ప్రధానంగా అక్కడే తయారుకావాలన్న నిబంధన ఉంది. మినహాయింపు అడగొచ్చు. అయితే సంతకానికి ముందే అడగడం మంచిది, అక్కడ తయారీ ఎందుకు గిట్టుబాటు కాదో లెక్కలతో చూపాలి. భారత్‌లో, ఆఫ్రికాలో అమ్మే డోసులకు ఈ నిబంధన అడ్డురాదు.