పిల్లికి తీపి తెలియదు

ఇంట్లో పిల్లికి జబ్బు చేసి పశువైద్యుడు సీసా మందు రాసి ఇచ్చాడంటే, ఆ ఇంటికి వచ్చే మొదటి సలహా ఒకటే: "కాస్త తేనె కలిపి పట్టమ్మా, గుటుక్కున మింగేస్తుంది." విజయవాడలో సత్యనారాయణపురం అయినా, పటమట అయినా ఈ సలహా మారదు. ఉగ్గుగిన్నెతో పసివాళ్లకు మందు పట్టిన పెద్దవాళ్ల అనుభవం అది. కాబట్టి తప్పుపట్టలేం. పిల్లి నాలుక దగ్గర మాత్రం అది చెల్లదు.

తీపిని గుర్తించే గ్రాహకం రెండు ప్రొటీన్లు జతకూడితేనే పనిచేస్తుంది. అందులో ఒకదాన్ని తయారుచేసే టీఏఎస్1ఆర్2 జన్యువులో పిల్లికి 247 డీఎన్ఏ అక్షరాల ముక్క ఎగిరిపోయింది. ఫిలడెల్ఫియాలోని మొనెల్ కెమికల్ సెన్సెస్ సెంటర్ శాస్త్రవేత్తలు 2005లో ఈ సంగతి ప్రకటించారు. పులిలో, చీతాలో చూసినా అదే లోపం. మాంసం మీదే బతికే జంతువుకు పంచదార రుచి తెలియకపోయినా నష్టమేమీ లేదు. పాయసం గిన్నె నాకే పిల్లులు లేవా అంటారేమో. అవి నాకేది పాలలోని కొవ్వును, నేతిని. బెల్లంతో వాటికి పనిలేదు.

చేదు సంగతి వేరు. దాన్ని పట్టే గ్రాహకాలు పిల్లికి పదికి పైగా ఉన్నాయి, చక్కగా పనిచేస్తాయి కూడా. అంటే స్ట్రాబెర్రీ రుచి అని రాసి ఉన్న సిరప్‌లో తీపి దానికి అందదు, మందు చేదు మాత్రం పూర్తిగా అందుతుంది. చేదు తగలగానే కొన్ని పిల్లులు నోటి నిండా నురగ కక్కుతాయి. మొదటిసారి చూసినవాళ్లు విషం పనిచేసిందని హడలిపోతారు. చాలాసార్లు అది చేదును కడిగేసుకోవడానికి ఊరిన లాలాజలమే, కాసేపట్లో తగ్గిపోతుంది. ఎంత మందు లోపలికి పోయిందో తెలియదు కదా అని మళ్లీ ఇంకో మోతాదు పోయకూడదు. డాక్టరుకు ఫోను చేసి అడగడం మేలు.

అన్నంలో కలిపేస్తే పోలేదా? పోదు. సగం తిని సగం వదిలేస్తే మోతాదు లెక్క తప్పుతుంది. పాలల్లో కలిపితే డాక్సీసైక్లిన్ లాంటి యాంటీబయాటిక్ మందులను అందులోని కాల్షియం పట్టేసుకుని ఒంట్లోకి సరిగా చేరనివ్వదు. ఇంకో చిక్కు మరీ పెద్దది. 1955లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జాన్ గార్సియా బృందం ఎలుకలకు తియ్యటి నీళ్లు తాగిస్తూ ఒంట్లో నలతగా ఉండేంత రేడియేషన్ ఇచ్చింది. ఆ తర్వాత అవి ఆ తీపినే ఏవగించుకున్నాయి. పిల్లి కూడా అంతే, మందు కలిపిన చేపముక్క మీద మనసు విరిగితే ఆ చేపనే మానేస్తుంది. బొద్దుగా ఉన్న పిల్లి కొన్ని రోజులు తిండి మానేస్తే కాలేయంలో కొవ్వు పేరుకుని ప్రాణం మీదికి వస్తుంది. అందుకే మందును మందుగానే పట్టి, వెంటనే ఇష్టమైనది పెట్టాలి. ఉత్త నీళ్లలో ఉడికించి ముళ్లు తీసిన బొచ్చె ముక్క చాలు. పులుసులో ముక్క వద్దు, ఉల్లి, వెల్లుల్లి పిల్లి రక్తకణాలను దెబ్బతీస్తాయి.

ఇక పట్టే తీరు. తల పైకెత్తి గొంతులో పోయడం మనకు తరతరాల అలవాటు. గేదెకు వెదురు గొట్టంతో మందు తాగించేటప్పుడూ మూతిని అలాగే ఎత్తుతారు, అది వాటికీ ప్రమాదమే. గొంతులో ఆహారనాళం, శ్వాసనాళం ఆనుకునే ఉంటాయి. మింగే క్షణంలో మాత్రమే ఉపజిహ్విక అనే చిన్న మూత శ్వాసనాళాన్ని కప్పుతుంది. మింగడానికి సిద్ధంగా లేని గొంతులోకి మందు ఒక్కసారిగా దూకితే అది ఊపిరితిత్తుల్లోకి జారిపోవచ్చు. మలబద్ధకానికని లిక్విడ్ పారఫిన్ పోసేవాళ్లు మరీ జాగ్రత్తగా ఉండాలి. దానికి రుచీ ఘాటూ లేవు, తప్పుదారి పట్టినా దగ్గు రాదు.

పిల్లి మూతిని పక్క నుంచి చూడండి. కోరపన్ను వెనక, దవడపళ్లు మొదలయ్యే లోపు కాస్త ఖాళీ ఉంటుంది. నోరు బలవంతంగా తెరవనక్కర్లేదు. పాత తువాలులో నాలుగు కాళ్లూ, గోళ్లూ లోపలికి పోయేలా చుట్టి, వీపు మీ పొట్టకు ఆనేలా కూర్చోబెట్టుకుని, తల నేలకు సమాంతరంగా ఉంచి, పెదవి మూల నుంచి ఆ ఖాళీలోకి సూదిలేని సిరంజి మొన పెట్టాలి. మొన గొంతు వైపు కాకుండా ఎదుటి బుగ్గ వైపు చూడాలి. అర మిల్లీలీటరు వదిలి ఆగాలి. నాలుక బయటికి వచ్చి ముక్కును తాకిందంటే మింగినట్టే, అప్పుడు మరికొంచెం. ఎదురుగా నిలబడి పట్టకూడదు. వెనక గోడో, మనిషో ఉంటే పిల్లి వెనక్కి జరగలేదు, సగం పోరాటం అక్కడే తప్పుతుంది.

సిరంజి కొనేటప్పుడు ఒక మెలిక ఉంది. చిన్నది కావాలంటే మందుల దుకాణంలో ఇన్సులిన్ సిరంజి చేతిలో పెడుతుంటారు. మన దగ్గర ఎక్కువగా వాడే రకంలో 1 మిల్లీలీటరు అంటే 40 యూనిట్లు. డాక్టరు 0.4 మిల్లీలీటర్లు అని రాస్తే దానిలో 40 గీత దాకా లాగామంటే, రెండున్నర రెట్ల మందు లోపలికి పోతుంది. పైగా చాలావాటికి సూది ఊడిరాదు. మిల్లీలీటర్ల గీతలున్న మామూలు సిరంజి అడగండి.

పిల్లల జ్వరం సిరప్ ఉందిగా అన్న ఆలోచన మాత్రం రానీయకండి. పారాసిటమాల్‌కు మన కాలేయం ఒక ఎంజైము సాయంతో గ్లూకురోనిక్ ఆమ్లం అనే పదార్థాన్ని అతికించి బయటికి పంపేస్తుంది. పిల్లికి ఆ పని చేసే యూజీటీ1ఏ6 జన్యువు చెడిపోయి ఉంది. మిగిలిపోయిన విషపదార్థం రక్తాన్ని ప్రాణవాయువు మోయలేని గోధుమరంగు ద్రవంగా మారుస్తుంది. 500 మిల్లీగ్రాముల మాత్ర ఒక్కటి చాలు, పిల్లి ప్రాణం తీయడానికి.

ఇంత చేసినా ససేమిరా అనే పిల్లులు ఉంటాయి. అప్పుడు డాక్టరునే అడగాలి: ఇదే పని చేసే ఇంజెక్షన్ ఉందా అని. ఒకసారి వేస్తే 14 రోజుల దాకా పనిచేసే సెఫోవెసిన్ లాంటి యాంటీబయాటిక్‌లు ఉన్నాయి, కానీ ప్రతి జబ్బుకూ అవి సరిపోవు. మందు పట్టిన రోజో మర్నాడో పిల్లి పడుకున్నప్పుడు దాని పక్కటెముకల కదలిక లెక్కపెట్టండి. ఆరోగ్యంగా ఉన్న పిల్లి నిద్రలో నిమిషానికి 30 కన్నా తక్కువసార్లే ఊపిరి తీస్తుంది. అది పెరిగినా, నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, దగ్గు మొదలైనా తెల్లవారేదాకా చూద్దామనుకోకుండా దగ్గర్లోని పశువైద్యశాలకో, గన్నవరం పశువైద్య కళాశాలకో తీసుకెళ్లండి. మందు సీసా, వాడిన సిరంజి వెంట ఉంచుకోండి, ఎంత పట్టారని అక్కడ తప్పకుండా అడుగుతారు.