పాత ఇంజెక్షన్ కారు, మొరాయించే పెట్రోల్ పంపు: అపోహలు - వాస్తవాలు

హన్మకొండలో కార్ల వైరింగ్ పని చేస్తాను. కార్బురేటర్ లేకుండా, ట్యాంకు నుంచి కరెంటు పంపు తోసే పెట్రోలును ఇంజిన్‌లోకి చిమ్మే పాత ఇంజెక్షన్ బండ్లు, ఆ పంపు మొరాయిస్తే నా దగ్గరికి రెండు రకాలుగా వస్తాయి. కొన్ని తోసుకుంటూ. కొన్ని కొత్త పంపు వేయించుకుని, అయినా తోసుకుంటూ. ఈ రెండో రకం వాళ్ల కోసమే ఇది రాస్తున్నా.

అపోహ: పంపు దగ్గర మీటరు 12 వోల్టులు చూపించింది. వైరింగ్ బాగున్నట్టే, పంపే పోయింది.

జేబుకు చిల్లు పడేది ఇక్కడే. కనెక్టర్ ఊడదీసి మీటరు పెడితే, ఒక్క పోగు మిగిలిన వైరు కూడా నిండుగా 12 చూపిస్తుంది. మీటరు తీసుకునే కరెంటు లెక్కలోకే రాదు. పంపు నాలుగైదు ఆంపియర్లు లాగుతుంది, వైరు బండారం అప్పుడు బయటపడుతుంది. అందుకే కనెక్టర్ పెట్టే ఉంచి, పంపు తిరుగుతుండగా కొలవాలి. బ్యాటరీ ప్లస్ నుంచి పంపు ప్లస్‌కు ఒకసారి, బ్యాటరీ మైనస్ నుంచి పంపు మైనస్‌కు ఒకసారి. ఎటువైపైనా అర వోల్టు దాటిందంటే దారిలో ఏదో తింటోంది.

ఎనుమాముల మార్కెట్లో మిర్చి వ్యాపారం చేసే ఒక సారు పాత సెడాన్ తెచ్చారు. అప్పటికే రెండు పంపులు మార్పించారు. పంపు తిప్పి కొలిచాను. బ్యాటరీ దగ్గర 12.4, పంపు దగ్గర 8.9. ప్లస్ వైపు పోతున్నది 0.4 మాత్రమే. మైనస్ వైపు 3.1! డిక్కీ కార్పెట్ ఎత్తితే ఎర్త్ బోల్టు కింద తుప్పు, దాని మీద ఎవరో వేసిన పెయింటు. ఎమెరీ పేపర్‌తో గీకి, వైరు చివర కొత్త లగ్గు (బోల్టు కింద బిగించే రేకు) బిగించాను. పంపు దగ్గర 11.9 వచ్చింది. "మరి ఆ రెండు పంపులు?" అన్నారు సారు. పాతవి డిక్కీలోనే ఉన్నాయి, ఆయనకే ఇచ్చేశాను.

అపోహ: కీ ఆన్ చేసినా పంపుకు కరెంటు రావట్లేదు, వైరు తెగింది.

చాలా ఎంపీఎఫ్ఐ (ఒక్కో సిలిండర్‌కు ఒక్కో ఇంజెక్టర్ ఉండే) బండ్లలో కీ ఆన్ చేయగానే పంపు రెండు మూడు సెకన్లు తిరిగి ఆగుతుంది. ఇంజిన్ తిరుగుతున్నట్టు సిగ్నల్ అందాకే మళ్లీ మొదలవుతుంది. యాక్సిడెంట్‌లో ఇంజిన్ ఆగితే పెట్రోలు పారకూడదని ఆ ఏర్పాటు. మీరు డిక్కీ తెరిచి మీటరు పెట్టేలోగా ఆ సెకన్లు అయిపోతాయి. 1970ల్లో వచ్చిన బాష్ ఎల్-జెట్రానిక్ అనే పాత ఇంజెక్షన్ పద్ధతి ఉన్న చాలా బండ్లలో అయితే సెల్ఫ్ కొడితే గానీ, ఇంజిన్ పీల్చే గాలిని కొలిచే మీటరు రేకు కదిలితే గానీ పంపు కదలదు.

పంపుకు కరెంటు కలిపే స్విచ్చు లాంటి రిలే పీకి, సాకెట్‌లో 30, 87 నంబర్ల పిన్నుల మధ్య ఫ్యూజున్న జంపర్ వైరు పెట్టండి. పంపు తిరిగితే దోషం రిలేదో, రిలేకు ఆర్డర్ ఇచ్చే వైపుదో. ఆ నంబర్లు జర్మన్ పద్ధతివి. పాత జపాన్ బండ్లకు వైరింగ్ బొమ్మ చూడకుండా జంపర్ పెట్టొద్దు.

అపోహ: ఎండలో ఆగి, చల్లబడితే స్టార్ట్ అవుతోంది. పెట్రోలు ఆవిరవుతోంది, తడిగుడ్డ కప్పాలి.

కార్బురేటర్ కాలం అలవాటు ఇది. ఇంజెక్షన్ లైన్లో పెట్రోలు సుమారు 3 బార్ ఒత్తిడిలో ఉంటుంది, అంత సులువుగా ఆవిరి కట్టదు. మన మే నెల ఎండకు నేను మొదట చూసేది డాష్‌బోర్డు కింది రిలేని. మూత తీసి భూతద్దం పెడితే, పిన్ను చుట్టూ సోల్డర్ మీద వెంట్రుకంత గుండ్రని పగులు కనిపిస్తుంది. వేడికి విడిపోతుంది, చల్లబడితే కలుస్తుంది. తడిగుడ్డ కప్పి అరగంట ఆగారు కదా, పనిచేసింది ఆ అరగంట. మళ్లీ సోల్డర్ చేస్తే సరిపోతుంది.

అపోహ: ఫ్యూజు ఊరికే పోతోంది, పెద్దది వేస్తే సరి.

15 ఆంపియర్ల బదులు 30 వేస్తే ఫ్యూజుకు బదులు వైరు కాలుతుంది. ఆ వైరు పోయేది పెట్రోలు ట్యాంకు దగ్గరికి.

అపోహ: ట్యాంకు మీద తడితే పంపు తిరుగుతోంది, లూజ్ కనెక్షనే.

కనెక్టర్ ఒకసారి చూడండి, తప్పులేదు. కానీ ఇక్కడ మాత్రం చాలాసార్లు పంపుదే తప్పు. లోపల కార్బన్ బ్రష్‌లు అరిగి, తట్టినప్పుడు అంటుకుంటాయి. దాన్ని మార్చాల్సిందే. అయితే తీసిన పంపును తెరిచిన ట్యాంకు పక్కనే బ్యాటరీకి తగిలించి "తిరుగుతోందా" అని చూడకండి. కారే పెట్రోలు మీద ఒక్క నిప్పురవ్వ పడితే చాలు. పైగా పొడిగా తిరిగిన పంపు 3 బార్ ఒత్తిడి ఇస్తుందో లేదో ఆ తిరుగుడుతో తెలియదు, దానికి గేజ్ పెట్టాల్సిందే.