"మాకు తెలియకుండా తీస్తారా?": కాండిడ్ ఫొటోల మీద అపోహలు, వాస్తవాలు

పెళ్లి బుకింగ్‌కి వచ్చినవాళ్లు ప్యాకేజీ కాగితం చూస్తూ ఒకచోట ఆగుతారు. "ట్రెడిషనల్ ఫొటో, ట్రెడిషనల్ వీడియో అర్థమయ్యాయండీ. ఈ కాండిడ్ అంటే ఏంటి? మాకు తెలియకుండా తీస్తారా?" అమ్మాయి నాన్నగారు అడిగితే ఆ గొంతులో కాస్త అనుమానం కూడా వినిపిస్తుంది. దానికి రేటెందుకు ఎక్కువ అన్నది ఆ వెంటనే వచ్చే ప్రశ్న.

పద్నాలుగేళ్లుగా పెళ్లిళ్లు, కూచిపూడి ప్రదర్శనలు, అప్పుడప్పుడు నాటకాలు తీస్తున్నాను. కాండిడ్ అంటే ఫోజు పెట్టించకుండా, మనిషి తన మానాన తానున్నప్పుడు తీసే ఫొటో. ఈ పని మీద జనంలో ఉన్న అపోహల్లో సగం మా ఫొటోగ్రాఫర్లు పుట్టించినవే. కొన్నింటిని నేనూ చాలాకాలం నమ్మాను.

అపోహ: కాండిడ్ అంటే చాటుగా తీయడం

మొదట్లో నేను చేసిందీ అదే. ఒక ప్రదర్శనకి వెళ్లి గ్రీన్‌రూమ్ గుమ్మం పక్కన కర్టెన్ చాటున నిలబడి జూమ్ లెన్స్‌తో తీస్తున్నాను. గజ్జెలు కట్టుకుంటున్న అమ్మాయి నన్ను అద్దంలో చూసింది. చేయి ఆగిపోయింది. పైట సర్దుకుని పక్కమ్మాయి చెవిలో ఏదో చెప్పింది. ఆ తర్వాత తీసిన ఏ ఫొటోలో చూసినా అందరి మొహాల్లో ఒకటే జాగ్రత్త. మాస్టారు నన్ను బయటికి పిలిచి, తిట్టకుండానే ఒక మాట అన్నారు: "తలుపు తట్టి రా బాబూ. పిల్లలు నిన్ను ముందు చూడాలి, చూసి మర్చిపోవాలి."

అప్పట్నుంచీ నా పద్ధతి అదే. గంటన్నర ముందు వెళ్తాను. బట్టలు మార్చుకోవడం అయిందని లోపలి ఆడవాళ్లు ఎవరో ఒకరు చెప్పేదాకా గడప దాటను. ఇది మర్యాద ఒక్కటే అనుకోకండి. ఎవరూ చూడరన్న ధీమాతో ఉన్న స్త్రీని ఆ ఏకాంతంలో ఫొటో తీయడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ కింద నేరం. లోపలికెళ్లాక మొదటి ఇరవై నిమిషాలు కెమెరా మెడలోనే వేలాడుతుంది. ఈలోపు ఎవరికో పిన్ను అందిస్తాను, ఎవరో ఫోన్ చార్జర్ అడుగుతారు. తర్వాత నాలుగైదు ఫొటోలు తీసి వాళ్లకే చూపిస్తాను. అక్కడితో వాళ్లకి నా మీద ఆసక్తి పోతుంది. నాకు కావలసింది కూడా అదే.

అలా ఒకసారి దొరికిన ఫొటో ఉంది. కూచిపూడి సంప్రదాయంలో స్త్రీ వేషాలు మగవాళ్లే కట్టేవారు, ఇప్పటికీ కట్టేవాళ్లున్నారు. ఒక పెద్దాయన సత్యభామ వేషం పూర్తిగా వేసుకున్నారు. జడ, నగలు, పెదాలకి రంగు, అన్నీ అయ్యాయి. ముక్కు మీదికి జారిన కళ్లజోడుతో ఫోన్‌లో ఏదో చదువుకుంటూ, రంగు చెదరకుండా స్ట్రాతో టీ తాగుతున్నారు. ఆ నిమిషంలో ఆయన ఇంకా సత్యభామ కాలేదు, ఇంట్లో మనిషిగానూ లేరు. నేను ఎదురుగానే ఉన్నాను, నాలుగడుగుల దూరంలో. తల ఎత్తలేదు.

అపోహ: బరస్ట్ మోడ్ (నొక్కినంతసేపూ వరసగా ఫొటోలు పడేది) పెట్టి నొక్కి పట్టుకుంటే ఏదో ఒకటి దొరుకుతుంది

దొరుకుతుంది. మూడు గంటల కార్యక్రమానికి ఆరువేల ఫొటోలు దొరుకుతాయి, వాటిని ఏరుకోవడానికి వారం పడుతుంది. పైగా వయొలిన్ ఒక్కటే వినిపిస్తూ అభినయం సాగుతున్నప్పుడు మీ షట్టర్ టకటకలాడితే ముందు వరుస మొత్తం వెనక్కి తిరుగుతుంది.

నాట్యం తీయాలంటే కంటికంటే ముందు చెవి పనిచేయాలి. జతి అంటే అడుగులకి తగ్గట్టు పలికే తాళపు అక్షరాల వరస. దాని చివర ముగింపుగా ముక్తాయింపు వస్తుంది. చాలాసార్లు ఒకే ముక్క మూడుసార్లు తిరిగి, మూడోది సమం మీద, అంటే తాళం మళ్లీ మొదలయ్యే దెబ్బ మీద పడుతుంది. మొదటిసారి వినగానే కెమెరా కంటి దగ్గరికి వెళ్లాలి. రెండోసారికి ఫోకస్ కుదరాలి. మూడోసారి, దెబ్బ పడటానికి రవ్వంత ముందే వేలు కదలాలి, ఎందుకంటే చూశాక నొక్కితే అప్పటికే ఆలస్యం. తాళం వేయడం రాకపోయినా ఫరవాలేదు, రిహార్సల్‌కి రెండుసార్లు వెళ్లి కూర్చుంటే లెక్క దానంతటదే ఒంటబడుతుంది. నేను సంగీతం నేర్చుకున్నవాణ్ని కాదు.

ఇంతా చేస్తే అది అందరి దగ్గరా ఉండే ఫొటో. భంగిమ చక్కగా నిలిచిన ఫొటో. నేను ఆగేది దాని తర్వాతి క్షణం కోసం. సమం మీద నిలబడ్డ శరీరం చప్పట్లు మొదలవగానే ఊపిరి వదులుతుంది. భుజాలు వెంట్రుకవాసి కిందికి దిగుతాయి. కళ్లు ఒక్కసారి, తాళాలు వాయిస్తూ జతులు చెబుతూ నట్టువాంగం చేస్తున్న మాస్టారి వైపు వెళ్తాయి: బాగా పడిందా? ఆ చూపు ప్రేక్షకుల కోసం చేసింది కాదు, అది ఒక శిష్యురాలు తన గురువు వైపు చూసిన చూపు. మిగతా ఫొటోగ్రాఫర్లు సరిగ్గా ఆ క్షణంలోనే కెమెరా దించి స్క్రీన్ చూసుకుంటుంటారు.

గెంతుల విషయంలో ఒక చిన్న కిటుకు. పైకి లేచిన మనిషి కిందికి దిగబోయే ముందు పైకొసన లిప్తపాటు ఆగినట్టుంటుంది. అక్కడ పట్టుకుంటే సెకనులో 250వ వంతు షట్టర్ కూడా సరిపోతుంది. లేచేటప్పుడో దిగేటప్పుడో అయితే 500, 1000 దాకా వెళ్లాలి, వెలుతురేమో ఉండదు.

అపోహ: చీకటి స్టేజీ మీద ఫ్లాష్ తప్పదు

తప్పుతుంది, తప్పించాలి. వెలుతురు ఎక్కువగా లోపలికి రానిచ్చే ఎఫ్ 2.8 లెన్స్ వాడి, ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా స్పందించే స్థాయి) 3200 నుంచి 6400 మధ్య పెట్టుకుంటే ఇప్పటి కెమెరాలు శుభ్రంగా తీస్తాయి. కాస్త గ్రెయిన్ (ఫొటో రవ్వరవ్వగా కనపడటం) వచ్చిందని ఇంతవరకూ ఏ తల్లీ ఫొటో వెనక్కి ఇవ్వలేదు. వెనక నల్ల తెర ఉంటే కెమెరా మోసపోయి మొహాన్ని తెల్లగా మాడ్చేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే వెలుతురు సగానికి, తగ్గించుకోండి. సైలెంట్ షట్టర్ వాడితే కొన్ని ఎల్ఈడీ లైట్ల కింద ఫొటోలో అడ్డ చారలు పడతాయి, రిహార్సల్‌లోనే చూసుకోవాలి. ఎర్ర లైటు కింద తీసిన మొహాన్ని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ బాగుచేయలేదు. నేను వాటిని బ్లాక్ అండ్ వైట్‌లోకి మార్చేసి కావాలని చేసినట్టు ఫోజు కొడతాను.

ఫ్లాష్ ఎందుకు మానేశానో కూడా చెప్పాలి. కూచిపూడిలో తరంగం అనే అంశంలో నర్తకి ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి, ఒక్కోసారి నెత్తిన నీళ్ల చెంబుతో, తాళానికి తగ్గట్టు పళ్లేన్ని జరుపుకుంటూ వెళ్తుంది. కెరీర్ తొలి రోజుల్లో అలాంటి సమయంలోనే నా ఫ్లాష్ ఆమె కళ్లలో పేలింది. ఒక పాదం పళ్లెం దిగి నేలను తాకింది. సర్దుకుని మళ్లీ ఎక్కింది. హాల్లో సగం మంది గమనించి కూడా ఉండరు. కార్యక్రమం అయ్యాక సారీ చెప్పడానికి వెళ్తే ఆ అమ్మాయి నవ్వి ఊరుకుంది. వాళ్ల నాన్నగారు నవ్వలేదు.

అపోహ: ముందు వరుస మధ్య సీటు దొరికితే చాలు

స్టేజీ ఎత్తుగా ఉంటే మొదటి వరుసలోంచి పాదాలు కనపడవు, ముక్కురంధ్రాలు కనపడతాయి. నాలుగో వరుసో ఐదో వరుసో నయం. మనసు విప్పిన క్షణాలు కావాలంటే మాత్రం, అనుమతి తీసుకుని పక్క వింగ్‌లో, అంటే స్టేజీ పక్క తెరల చాటున నిలబడాలి. సత్యభామ ప్రవేశ దరువులో, అంటే ఆ పాత్ర రంగం మీదికి వచ్చే పాటలో, ఇద్దరు తెర పట్టుకుంటారు. తెర మీదుగా ఇవతలికి వేసిన జడ ఒక్కటే ప్రేక్షకులకి కనపడుతుంది. పక్కనుంచి చూసేవాడికి తెర వెనక మొహం కనపడుతుంది. కళ్లు మూసుకుని, పెదవులు కదుపుతూ, అహంకారాన్ని ఒక్కో గుండీలా పెట్టుకుంటున్న మొహం.

అపోహ: కెమెరా వైపు చూడకుండా నవ్వితే అది కాండిడ్

ఇది జంటల ఫొటోల్లో పుట్టిన రోగం. "సార్, మీరు అటు చూసి నవ్వండి, మేడం మీరు కిందికి చూడండి." అది ట్రెడిషనల్ ఫొటోనే, మెడ తిప్పారంతే.

అలాగని చెప్పి చేయించిందంతా అబద్ధం అనను. 1950లో రాబర్ట్ డ్వానో పారిస్ వీధిలో తీసిన ముద్దు ఫొటోని లోకమంతా దారిన దొరికిన క్షణం అనుకుంది. 1990ల్లో కోర్టు గొడవ వచ్చినప్పుడు అసలు సంగతి తెలిసింది: ఆ ఇద్దరూ నిజంగానే ప్రేమికులు, నటన నేర్చుకుంటున్న విద్యార్థులు, ఫొటో మాత్రం ఆయన అడిగితే ఇచ్చింది. దీనికి పూర్తి ఎదురు 1945 ఆగస్టు 14న న్యూయార్క్ టైమ్స్ స్క్వేర్‌లో ఆల్‌ఫ్రెడ్ ఐసెన్‌స్టాట్ తీసిన ఫొటో. యుద్ధం ముగిసిన సంబరంలో ఒక నావికుడు తెల్ల దుస్తుల్లో ఉన్న అమ్మాయిని ముద్దుపెట్టుకున్న ఆ ఫొటోలో ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పలేదు, నూటికి నూరుపాళ్లూ కాండిడ్. కానీ వాళ్లు జంట కాదు. అది తానే అని చెప్పిన మహిళ, అతనెవరో తెలియదనీ, ఒక్కసారిగా పట్టుకున్నాడనీ తర్వాత చెప్పింది. అందుకే ఏది నిజమైన ఫొటో అని క్లయింట్లు అడిగితే నేను గబుక్కున జవాబు చెప్పను.

నా వరకు, జంటలకి భావం చెప్పను, పని చెబుతాను. ప్రేమగా చూడండి అంటే బిగుసుకుపోతారు. ఈ చెప్పు బకిల్ పెట్టిపెట్టండి అంటే ఇద్దరూ మామూలు మనుషులవుతారు. ఫిలిప్ హాల్స్‌మన్ అనే ఫొటోగ్రాఫర్ 1950ల్లో పెద్దపెద్దవాళ్లని గెంతమని అడిగి తీసేవాడు. గెంతుతూ మొహాన్ని కాపాడుకోవడం కుదరదు మరి.

మన పెళ్లిలో ఆ పనులన్నీ తంతులోనే ఉన్నాయి. తలంబ్రాలప్పుడు, బిందెలో ఉంగరం వెతికేటప్పుడు ఎవరికీ కెమెరా గుర్తుండదు. జీలకర్రబెల్లం ముహూర్తానికి తెర తీయగానే నలభై ఫోన్లు పైకి లేస్తాయి, పైన క్రేన్ తిరుగుతుంటుంది. ఆ ఫొటో అందరికీ వస్తుంది. మొన్నొక పెళ్లిలో తలల మీంచి చేతులు తీశాక పెళ్లికూతురు జిగటగా అయిన వేళ్లని ఎక్కడ తుడుచుకోవాలో తెలియక గాల్లో పెట్టుకుని కూర్చుంది. పట్టుచీరకి తుడవలేదు. పెళ్లికొడుకు పంతులుగారి వైపే చూస్తూ, తన కండువా కొస ఆమె ఒళ్లో పడేశాడు. ఆల్బంలో వాళ్లిద్దరూ ముందు వెతికింది ఆ పేజీనే.

అపోహ: ఏడుపు దొరికితే మంచి కాండిడ్ దొరికినట్టే

అప్పగింతలప్పుడు మొహం మీదికి లైటు పెట్టేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఒక నాన్నగారు ఆ సమయానికి మండపంలో లేకుండా భోజనాల హాల్లో వాటర్ బాటిళ్లు లెక్కపెడుతున్నారు. లెక్క మళ్లీ మొదటికొస్తోంది. వెనకనుంచి ఒకటే తీశాను.

అపోహ: నేను తీశాను కాబట్టి ఫొటో నాది

1957 కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, డబ్బిచ్చి తీయించుకున్నవాళ్లే ఆ ఫొటోకి మొదటి హక్కుదారులు. మనవాళ్లలో చాలామందికి ఇది తెలియదు, పెళ్లయిన రాత్రే ఇన్‌స్టాలో పెట్టేస్తారు. ఫొటోలు మీరు వాడుకోవడం గురించి ఒప్పంద కాగితంలో ఒక లైను రాసుకోండి. రాసుకున్నా, మనిషి ఆదమరిచి ఉన్న ఫొటో అయితే మళ్లీ అడగండి.

ఆ కళ్లజోడు సత్యభామ గారిని అలాగే అడిగాను. ఫోన్‌లో ఫొటో చాలాసేపు చూశారు, నవ్వారు. "బాగుంది బాబూ. కానీ సత్యభామకి చత్వారం ఉండదు కదా. నలుగురికీ చెప్పుకో, చూపించకు" అన్నారు. అందుకే అది మాటల్లో చెప్పాను.