చూర్ణం డబ్బా మీద ఏం రాసి ఉంది?

కర్నూలు

చిరంజీవులైన మనవళ్లకు, మనవరాళ్లకు జేజినాయన ఆశీస్సులు.

హాస్టల్ తిండికి కడుపు పాడై, ఎవరో చెప్పిన చూర్ణం రోజూ రాత్రి వేసుకుంటున్నారని మీ అమ్మ చెప్పింది. అందులో ఏముందని అడిగితే "ఆయుర్వేదమే కదా, ఏం కాదులే" అన్నారట. ఏం కాని మందయితే నయం కూడా చేయదు కదా నాయనా!

ముందు మీ కష్టమేమిటో తేల్చుకోండి. ఉబ్బరానికి వేసుకునేది వేరు, మంటకు వేరు, మలబద్ధకానికి వేరు.

ఉబ్బరానికి వాము మంచిది. మన కర్నూలు మార్కెట్ యార్డుకు బస్తాలకు బస్తాలు వచ్చే పంటే. చిటికెడు అరచేతిలో వేసుకుని బొటనవేలితో నలిపి వాసన చూడండి, ఘాటు ముక్కుకెక్కుతుంది. ఆ ఘాటు వాము నూనెలో ఉండే థైమాల్ అనే పదార్థానిది. ఉగ్గానిలోకి వేసే మిరపకాయ బజ్జీలో వాము పెట్టేది రుచికొక్కటే కాదు, శనగపిండి గ్యాస్ చేస్తుందని కూడా. వైద్యులు రాసే హింగ్వాష్టక చూర్ణంలోనూ వాము ఉంటుంది. దాంతోపాటు ఇంగువ, శొంఠి, మిరియాలు, పిప్పళ్లు, జీలకర్ర, నల్లజీలకర్ర, సైంధవ లవణం. దాన్ని నెయ్యితో మొదటి ముద్దలో కలుపుకుని తినమంటారు.

గుండెల్లో మంటగా ఉంటే మాత్రం ఇవేవీ ముట్టొద్దు. వాము, శొంఠి, మిరియాలు మంటను ఇంకా పెంచుతాయి. కొన్నాళ్లు ఎర్రకారం మానేసి, పులవని మజ్జిగ పలుచగా తాగండి. తిన్న వెంటనే మంచమెక్కకండి.

ఇక మలబద్ధకం. నల్లమలలో దొరికే కరక్కాయకు తానికాయ, ఉసిరికాయ కలిపితే త్రిఫల. నెమ్మదిగా పనిచేస్తుంది. బాగా చిక్కిపోయినవాళ్లు, ఉపవాసాలతో నీరసపడ్డవాళ్లు, గర్భిణులు కరక్కాయ తినకూడదని పాత వైద్య గ్రంథాలే చెప్పాయి. అసలు మీ చూర్ణంలో ఉందేమోనని నాకు అనుమానమంతా సునాముఖి ఆకు మీదే. నేలతంగేడు అనేదీ దాన్నే. రాత్రి వేసుకుంటే తెల్లారేసరికి కడుపు ఖాళీ అయిపోతుంది, అందుకే జనానికి దాని మీద అంత గురి. పెద్దపేగును కదిలించి పని చేయిస్తుంది. ఎప్పుడో ఒకసారైతే సరే. వారాల తరబడి వాడితే నీళ్ల విరేచనాలు పట్టుకుని ఒంట్లో పొటాషియం పడిపోతుంది. దానికన్నా రాగి సంగటి, ఆకుకూర పప్పు, ఒక చెంబెడు నీళ్లు ఎక్కువ నయం. హాస్టల్లో సంగటి ఎక్కడిదంటారా, జామకాయలైనా దొరుకుతాయి కదా.

బొడ్డు దగ్గర మొదలైన నొప్పి కుడివైపు కిందికి దిగిందా, ఏ విరేచనం మందూ వేసుకోకండి. అపెండిక్స్ కావచ్చు, నేరుగా ఆస్పత్రికి పోండి. మలంలో రక్తం పడినా, ఏమీ చేయకుండానే బరువు తగ్గుతున్నా అంతే. విరేచనాలు అవుతుంటే చూర్ణాల జోలికి పోకుండా ఓఆర్ఎస్ తాగండి. ప్యాకెట్ లేకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు, రెండూ తలకొట్టి కలుపుకోండి.

మీ నాయన వచ్చే వారం అటు వస్తున్నాడు, వేయించిన వాము సీసాలో పోసి పంపుతున్నా. చిటికెడు చాలు, ఉప్పుతో నమిలి వేడినీళ్లు తాగండి. ఇప్పుడు మీ దగ్గరున్న డబ్బా లేబుల్ ఫోటో తీసి నాకు వాట్సాప్‌లో పెట్టండి. సునాముఖి పేరు దాంట్లో ఉంటే ఈ రాత్రి నుంచే ఆపేయండి. లేబులే లేకపోతే చెత్తబుట్టలో వేయండి.

మీ జేజినాయన