నాన్న పోయిన వయసు దాటాక

అమెరికా బేస్‌బాల్‌లో మికీ మాంటిల్‌ది చాలా పెద్ద పేరు. ఆయన తండ్రి లింఫ్ గ్రంథులకు వచ్చే హాడ్జ్‌కిన్స్ అనే క్యాన్సర్‌తో నలభై ఏళ్లకే, 1952లో చనిపోయాడు. ఆ ఇంటి మగవాళ్లలో మరికొందరు కూడా చిన్న వయసులోనే పోయారు. తన రాత కూడా అంతేనని మాంటిల్ గట్టిగా నమ్మాడు. ఎలాగూ ఎక్కువ రోజులు ఉండననుకుని ఏళ్ల తరబడి విపరీతంగా తాగాడు. నలభై వచ్చింది, యాభై వచ్చింది. భయపడిన జబ్బు మాత్రం ఆయనకు రాలేదు, ఆయన కొడుకుల్లో ఒకరికి వచ్చింది. 1995లో కాలేయ మార్పిడి చేయించుకుని, రెండు నెలలకే 63 ఏళ్ల వయసులో వేరే క్యాన్సర్‌తో చనిపోయాడు. పోయే ముందు విలేకరులను పిలిచి, తనలా ఎవరూ బతకొద్దని చెప్పాడు.

నాన్న పోయిన వయసు దగ్గర పడుతుంటే లోలోపల మొదలయ్యే టెన్షన్ చాలామందికి తెలుసు. దానికి రెండో వైపు ధీమా ఉంటుంది. మా నాన్న తొంభై ఏళ్లు సిగరెట్లు కాలుస్తూనే బతికాడు, నాకేమవుతుందిలే అన్న ధీమా. నా దృష్టిలో రెండూ ఒకే పొరపాటు. తండ్రి ఒంటినీ మన ఒంటినీ ఒకటే అనుకోవడం వల్ల వచ్చేదే ఇది.

మన కణాల్లో ఉండే 46 క్రోమోజోముల్లో తండ్రి నుంచి వచ్చేవి 23. ఆయన దగ్గరున్న జంటల్లోంచి ఏ సగం మనకు వస్తుందన్నది పూర్తిగా కాకతాళీయం. అన్నదమ్ములిద్దరిలో ఒకడు నాన్నను అచ్చుగుద్దినట్టు ఉండి, రెండోవాడు అసలు పోలిక లేకుండా ఉండటానికి ఒక కారణం ఇదే. కొడుక్కి మాత్రం వై క్రోమోజోమ్ దాదాపు మార్పు లేకుండా తండ్రి నుంచే వస్తుంది. కూతురికి తండ్రి ఎక్స్ క్రోమోజోమ్ అందుతుంది, కొడుక్కి అందదు. ఎరుపు, ఆకుపచ్చ రంగుల తేడా తెలియని లోపం ఎక్స్ మీదే ఉంటుంది, అందుకే తండ్రికి అది ఉంటే ఆయన నుంచి కొడుక్కి రాదు. కూతురి ద్వారా మనవడికి రావచ్చు.

తండ్రి నుంచి వచ్చేవన్నీ ఆయనకు పుట్టుకతో వచ్చినవి కూడా కావు. స్త్రీ శరీరంలో అండాలకు మూలమైన కణాలు ఆమె పుట్టకముందే తయారైపోతాయి. పురుషుడిలో శుక్రకణాలు జీవితాంతం తయారవుతూనే ఉంటాయి. కణం విభజన జరిగిన ప్రతిసారీ డీఎన్ఏ నకలులో చిన్న తప్పు దొర్లే అవకాశం ఉంటుంది. ఐస్‌లాండ్ కుటుంబాల మీద 2012లో వెలువడిన పరిశోధన ప్రకారం, తండ్రి వయసు ఒక ఏడాది పెరిగితే బిడ్డలో సుమారు రెండు కొత్త మార్పులు ఎక్కువ కనిపిస్తాయి. వాటిలో చాలా వరకు ఏ హానీ చేయవు. తండ్రిలో గానీ తాతలో గానీ లేని కొత్తదనం కొంత మనలో ఉందన్నమాట, నాకు ఈ సంగతి ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది.

ఎత్తు సంగతి చూద్దాం. నాన్న పొడుగైతే పిల్లలూ పొడుగవుతారని మామూలుగా అనుకుంటాం. 2022లో ఎత్తుతో ముడిపడిన డీఎన్ఏ తేడాలను లెక్కిస్తే 12,000కు పైగా తేలాయి. ఒక్కోదాని ప్రభావం చాలా తక్కువ. ఆయుష్షు ఇంతకంటే చిక్కు లెక్క. 1870, 1900 మధ్య పుట్టిన డెన్మార్క్ కవలలను పరిశీలించిన 1996 నాటి అధ్యయనం, మనుషుల ఆయుష్షులోని తేడాల్లో పావు వంతుకు మాత్రమే వారసత్వం కారణమని అంచనా వేసింది. ఆ తర్వాత వచ్చిన అంచనాలు కొన్ని ఇంకా తక్కువన్నాయి, కొన్ని ఎక్కువన్నాయి, వాదన తెగలేదు.

అలాగని కుటుంబ చరిత్రను పక్కన పెట్టేయకూడదు. పరుగును అమెరికాలో ఇంటింటికీ చేర్చిన జిమ్ ఫిక్స్ తండ్రికి 35 ఏళ్లకే గుండెపోటు వచ్చింది, 43 ఏళ్లకు చనిపోయాడు. కొడుకు తన 35వ ఏట మేల్కొన్నాడు. అప్పటికి లావుగా ఉండేవాడు, రోజుకు రెండు పెట్టెల సిగరెట్లు కాల్చేవాడు. పరుగు మొదలుపెట్టి సిగరెట్ మానేశాడు, పాతిక కిలోలకు పైగా తగ్గాడు. 1984లో 52 ఏళ్ల వయసులో పరుగెత్తుతూనే గుండెపోటుతో చనిపోయాడు. శవపరీక్షలో గుండె ధమనులు బాగా పూడుకుపోయి కనిపించాయి. వ్యాయామం వల్ల లాభం లేదనడానికి చాలామంది ఆయన పేరే చెబుతారు. నేనలా చూడలేను. తండ్రి కంటే తొమ్మిదేళ్లు ఎక్కువ బతికాడు, ఆ ఏళ్లలో ఇష్టమైన పని చేస్తూ లక్షలాది మందిని కదిలించాడు. అయితే ఒంట్లో పేరుకున్న కొవ్వును పరుగు ఒక్కటే తీసేయలేదు. ఆ విషయాన్నీ దాచకుండా చెప్పుకోవాలి.

జీవనశైలి ఎంత మేలు చేస్తుందో 2016లో 55,000 మందికి పైగా వివరాలతో లెక్కగట్టారు. జన్యుపరంగా గుండె జబ్బు ముప్పు బాగా ఎక్కువున్న వాళ్లలో, పొగతాగకపోవడం, ఊబకాయం లేకపోవడం, వ్యాయామం, మంచి తిండి అనే నాలుగింటిలో కనీసం మూడు పాటించినవాళ్లకు, అవి పట్టించుకోనివాళ్లతో పోలిస్తే ముప్పు దాదాపు సగం తక్కువగా కనిపించింది.

అందుకే నాన్న ఉంటే ఆయన్నే అడగాలి. బీపీ, షుగర్ ఎప్పుడు మొదలయ్యాయి, తాతకు ఏమైంది, ఎన్నో ఏట అయింది అని. నాన్నలు ఇలాంటివి వాళ్లంతట వాళ్లు చెప్పరు. తండ్రికి 55 ఏళ్ల లోపే గుండె జబ్బు వస్తే డాక్టర్లు దాన్ని పిల్లలకూ హెచ్చరికగానే తీసుకుంటారు. అలాంటి ఇళ్లలో కొలెస్ట్రాల్ పరీక్ష వాయిదా వేయదగ్గది కాదు. సుమారు 250 మందిలో ఒకరికి పుట్టుకతోనే చెడు కొలెస్ట్రాల్ బాగా ఎక్కువగా ఉంటుంది, ఒకే ఒక జన్యువులో లోపం చాలు. తల్లికో తండ్రికో అది ఉంటే ప్రతి బిడ్డకూ వచ్చే అవకాశం సగానికి సగం. వైద్యం లేకపోతే, ఈ లోపమున్న మగవాళ్లలో సుమారు సగం మందికి యాభై ఏళ్లలోపే గుండె దెబ్బతింటుంది.

నెదర్లాండ్స్‌లో ఈ లోపమున్న 214 మంది పిల్లలకు 8 నుంచి 18 ఏళ్ల మధ్యే కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మందులు మొదలుపెట్టి, ఇరవై ఏళ్లు గమనించారు. ఫలితాలు 2019లో వచ్చాయి. అదే లోపమున్న వాళ్ల తల్లిదండ్రుల్లో 39 ఏళ్లు వచ్చేసరికి నూటికి 26 మందికి గుండె, రక్తనాళాల సమస్యలు వచ్చాయి, నూటికి ఏడుగురు చనిపోయారు. అదే వయసుకు పిల్లల్లో సమస్య వచ్చింది నూటికి ఒకరికి, గుండె జబ్బుతో చనిపోయినవాళ్లు ఒక్కరూ లేరు.